శ్రావణం పట్టిన చెయ్యి

ఫిబ్రవరి 22

నిన్న మా ఆయన నలభై తొమ్మిదో రోజు కర్మ అయిపోయింది. అక్కడ ఆయనకు అందాలని కాగితం ఇల్లు, కాగితం చొక్కాలు, కాగితం కారు అన్నీ తగలబెట్టారు. "కారు ఎందుకురా, మీ నాన్నకు సైకిలు తప్ప ఏమీ రాదు కదా" అంటే మా హువాట్ "డ్రైవర్ని కూడా పెట్టించానమ్మా" అన్నాడు. వంగి చూస్తే నిజంగానే ముందు సీట్లో కాగితం మనిషి కూర్చుని ఉన్నాడు. మా అబ్బాయి అన్నీ ఆలోచిస్తాడు. గడియారాలు బాగుచేసే సరంజామా మాత్రం ఒక్కటీ పెట్టలేదు. అక్కడ ఏం చేస్తూ కూర్చుంటారు ఆయన? ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి.

ఈ డైరీ మందుల షాపువాడు ఏటా ఇస్తాడు. ఏ రోజు వాన ఎన్నింటికి మొదలైందో రాయడం ఆయనకు సరదా. మలేషియా మొత్తానికీ వానల ఊరు ఈ తైపింగ్, ఇక్కడ వాన పడని రోజు ఉంటేనే కదా రాయాలి అని నేను వేళాకోళం చేసేదాన్ని. ఈ ఏడు మూడు పేజీలే ఆయన రాత. తర్వాత అంతా తెల్లగా ఉంది. చూడలేక నేను మొదలుపెట్టాను. నాది నాలుగో తరగతి రాత, ఎవరూ చదవరు కనుక ఫర్వాలేదు.

వాన నాలుగింటికి.

ఫిబ్రవరి 24

గ్యాస్ కట్టానో లేదో చూడడానికి మూడుసార్లు లేచాను. కట్టే ఉంది.

ఫిబ్రవరి 26

గడ్డం మీద వెంట్రుకలు పెరిగాయి. వేలు పెట్టి లాగితే వంగి మళ్లీ లేస్తున్నాయి, పిల్లి మీసాల్లాగా. ఎడమవైపు గుత్తిగా, కుడివైపు అక్కడొకటి అక్కడొకటి.

వంద రోజులు నిండేదాకా ఒంటి మీది వెంట్రుకకు కత్తెర తగలకూడదు. మా అత్తగారు పోయినప్పుడు ఆయన కూడా అలాగే గడ్డం పెంచారు. మగాళ్లకు అది అందం. నాకు చూడు.

నెలసరి ఆగిపోయాక మొదలయ్యాయి ఇవి. మొదటిది చూసుకుని ఏడ్చాను. ఆయన షాపులోంచి కంటికి పెట్టుకునే అద్దం తీసుకొచ్చి, మొహంలో మొహం పెట్టి చూసి, "చిన్న స్ప్రింగు ఊడి బయటికొచ్చింది, అంతే" అన్నారు. గడియారాల సన్న ముక్కలు పట్టుకునే శ్రావణంతో చిటుక్కున లాగేశారు. అప్పటినుంచి ఆదివారం గంజి తాగాక షాపు ముందు వరండాలో స్టూలు వేసేవారు. పాల డబ్బాలో నీళ్లు పోసి శ్రావణం మరిగించేవారు. నాకు షుగరు వచ్చాక ముందు వేలు గుచ్చి మిషనులో చూసేవారు. ఇక్కడి లెక్కలో ఆరేడు ఉంటే మంచిది, పది లోపు ఉంటేనే పని. పది దాటితే "ఇవాళ షాపు సెలవు, ముందు నువ్వు తీపి తగ్గించుకుని రా" అని స్టూలు లోపల పెట్టేసేవారు. షుగరు ఎక్కువున్నప్పుడు చిన్న గాటు పడినా మానదని ఆయనకు ఎవరో చెప్పారు.

"తల ఎత్తు. ఇంకొంచెం. మాట్లాడకు, మాట్లాడితే గడ్డం కదులుతుంది."

ఎడమచేతి వేళ్లు దవడ కింద ఉండేవి. మిషను నూనె వాసన. ఇన్నేళ్లలో నా మొహం మీద ఆ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. డిసెంబరు చివరి ఆదివారం కూడా తీశారు. ఇప్పుడున్నవన్నీ ఆయన పోయాక వచ్చినవే. ఇవి ఆయనకు తెలియవు.

మిషను బీరువాలో ఉంది. షుగరు చూసుకోవాలి. రేపు చూసుకుంటాను.

మార్చి 1

మనవడు వెయ్ షెంగ్ పెళ్లి ఈ నెల పదిహేనున అని ఖాయం చేశారు. ఇంట్లో చావు జరిగితే వంద రోజుల్లోపు పెళ్లి చేసెయ్యాలి, లేకపోతే మూడేళ్లు ఆగాలి. వాడు మూడేళ్లు ఆగేవాడు కాదు. పిల్ల పేరు లి టింగ్. సన్నగా ఉంది, తింటుందో లేదో.

పెళ్లి రోజు ఒక్కరోజుకు మైలకు గుర్తుగా మా చొక్కా చేతులకు గుచ్చిన నల్లగుడ్డ తీసేస్తారట. పిల్ల మోకాళ్ల మీద కూర్చుని పెద్దవాళ్లకు టీ ఇస్తుంది. తాతకూ నానమ్మకూ మొదటి కప్పులు. రెండు కుర్చీలు వేస్తారు.

కోడలు సూ యిన్ పళ్లేలు తుడుస్తూ అంది, "అత్తయ్యా, ఫోటోల వాళ్లను మాట్లాడాం. దగ్గరనుంచి తీస్తారట." అంటూ నా గడ్డం వైపు చూసింది. చూసి చూడనట్టు చూసింది.

"దగ్గరనుంచి ఎందుకు, నా మొహంలో ఏముందని" అన్నాను.

"ఏదో ఉందని నేనెప్పుడన్నాను?" అంది.

అదీ మా కోడలు.

మార్చి 3

కూరగాయలకు వెళ్తూ బీ చూ దగ్గర ఆగాను. మార్కెట్ పక్క వరండాలో కూర్చుని ఆడవాళ్ల మొహాలకు తెల్లపొడి రాసి దారంతో నూగు లాగే పని దానిది. పెళ్లికి ముందు మొదటిసారి నూగు తీసి పెళ్లికూతుళ్లకు మొహం తెరిచేది కూడా అదే. నా పెళ్లికి దాని పిన్ని చేసింది. దారం నడుమ పళ్ల మధ్య, రెండు కొసలు చేతుల్లో. మొహం మీద చీమలు పాకినట్టు ఉండింది. అప్పుడు నాకు పంతొమ్మిది.

"ఏంటే, సాధువుల్లో కలుస్తావా? ఇంకొంచెం పెంచితే జడ వెయ్యొచ్చు" అంది నన్ను చూసి.

"మైల ఉంది కదే, కత్తెర తగలకూడదు."

"తెలుసులే. పెళ్లి ముందు రోజు రా. ఆ ఒక్కరోజూ మైల తీస్తారుగా, లాగేస్తాను. అంతకుముందైతే నేను ముట్టను, నీ మొగుడు నా కలలోకొస్తాడు."

ఆయన దాని కలలోకి ఎందుకొస్తారు? నా కలలోకే రాలేదు ఇప్పటిదాకా.

మార్చి 4

కత్తెర తగలకూడదు అన్నారు. శ్రావణం కత్తెర కాదు. పీకడం కొయ్యడం కాదు. పైగా ఆయన శ్రావణం, ఆయన కంటి అద్దం, ఆయన స్టూలు. ఆయన చేసినట్టే కదా. ఇందులో తప్పేముంది.

పాల డబ్బా కనబడలేదు. సూ యిన్ పారేసి ఉంటుంది. శ్రావణం లంగా అంచుకు తుడుచుకున్నాను, మెరుస్తూనే ఉంది. అద్దం కంటికి పెట్టుకుంటే నిలవలేదు, జారిపోయింది. కనుబొమతో అంత గట్టిగా ఎలా పట్టేవారో. మూడు బాగానే వచ్చాయి. నాలుగోది తోలు కింద చుట్టుకుని నల్లగా కనబడుతోంది, బయటికి రాలేదు. కొసతో కొంచెం గీకాను. ఇంకొంచెం గీకాను. చుక్క రక్తం వచ్చింది. దూది పెట్టాను.

స్టూలు మీద కూర్చున్నప్పుడు మాత్రం బాగుంది. తల పైకెత్తుకుని కాసేపు అలాగే ఉన్నాను.

షుగరు చూసుకోలేదు. రేపు.

మార్చి 5

గడ్డం మీద దోమ కుట్టింది. ఎర్రగా ఉంది.

మార్చి 6

దోమే. ఈ వానలకు దోమలు ఎక్కువ.

మార్చి 7

పొద్దున లేచేసరికి ఉసిరికాయంత ఉంది. మింగుతుంటే లాగుతోంది. ప్లాస్టరు వేసుకుని మంచం మీదే ఉండిపోయాను. సూ యిన్ వచ్చి ఏమీ అడగకుండా ప్లాస్టరు లాగేసింది.

"దోమ" అన్నాను.

"ఆ దోమ శ్రావణం స్టూలు మీద వదిలేసి వెళ్లింది అత్తయ్యా. చెప్పులు వేసుకోండి."

ప్రభుత్వ క్లినిక్‌లో డాక్టరు కుర్రాడు ఒకసారి చూసి మాత్రలు రాశాడు. తర్వాతంతా నర్సు నోర్లిజాయే. ఎప్పుడూ ఆమే నా వేలు గుచ్చేది. వేలు గుచ్చి మిషను నా వైపు తిప్పింది. పద్దెనిమిది.

"ఇంట్లో ఎప్పుడు చూసుకున్నారు మామ్మా?"

"మొన్న."

"ఏ మొన్న?"

మా కోడలు సీలింగు ఫాను వైపు చూస్తోంది. నేను చెప్పాను, చూసేది ఆయన, ఆయన ఇప్పుడు లేరు అని. నోర్లిజా నా చెయ్యి అలాగే పట్టుకుంది. ఆయన పోయినట్టు ఆమెకు అంతవరకూ తెలియదు. క్రితంసారి నాతో వచ్చింది ఆయనే, ఆమె గోడ గడియారం ఆగిపోతే బెంచీ ఎక్కి బాగుచేసి వెళ్లారు.

తర్వాత తిట్టింది. తిట్టడం అంటే నెమ్మదిగానే, కానీ వదల్లేదు. "ఆ వెంట్రుకలు మిమ్మల్ని ఏమీ చెయ్యవు మామ్మా, మీరే వాటిని ఏదో చేస్తున్నారు. లోపలికి ముడుచుకున్నదాన్ని తవ్వకూడదు. పిండకూడదు. వేణ్నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డతో కాపడం పెట్టండి, అంతే. పుండుకు మందు ఇక్కడ నేను పూస్తాను, రోజు మార్చి రోజు రండి. ఎరుపు మెడకు దిగినా జ్వరం వచ్చినా నా దగ్గరికి కాదు, సరాసరి పెద్దాసుపత్రికి."

"పదిహేనున మా మనవడి పెళ్లి" అన్నాను.

"అందుకే చెబుతున్నా. ఇది తగ్గకపోతే పెళ్లినాడు మీరు ఆసుపత్రి మంచం మీద ఉంటారు."

"మరి ఈ వెంట్రుకలు?"

"వదిలెయ్యండి. మొహం కంటే ప్రాణం ముఖ్యం. తప్పదనుకుంటే, షుగరు దారికొచ్చి, ఎరుపు పోయాక, తోలుకు ఆనకుండా కత్తిరించే చిన్న మిషను ఉంటుంది. బ్యాటరీది. పుండు జోలికి వెళ్లకుండా చుట్టూ తియ్యొచ్చు. బ్లేడు వద్దు, వేడి మైనం వద్దు, ఘాటు క్రీములు వద్దు. పళ్లతో పట్టుకునే దారమైతే అసలే వద్దు."

బీ చూ సంగతి ఆమెకు ఎలా తెలుసో. ఊళ్లో అందరికీ తెలుసు.

ఆయన ఈ జాగ్రత్తలన్నీ తీసుకునేవారు. ఎవరూ తిట్టకుండానే చేసేవారు. నాకు కనబడింది శ్రావణం ఒక్కటే.

మార్చి 8

రెండు కుర్చీలు వేస్తారు. ఒకటి ఎలాగూ ఖాళీ. రెండోది కూడా ఖాళీ అయితే ఆ పిల్ల టీ ఎవరికి ఇస్తుంది? వచ్చిన కోడలు పెద్దవాళ్ల దీవెన లేకుండా ఇంట్లో కాలు పెట్టినట్టు అవుతుంది. తర్వాత ఏం జరిగినా అందరూ దాన్నే గుర్తుచేసుకుంటారు.

కాపడం పెట్టాను. వేలు గుచ్చుకున్నాను. నా చేత్తో నేను గుచ్చుకోవడం ఇదే మొదలు. మూడుసార్లు గుచ్చితే గాని చుక్క రాలేదు. పదిహేను.

మార్చి 9

పదమూడు. కాఫీలో చక్కెర మానేశాను. సూ యిన్ కాకర రసం ఇచ్చింది. విషం ఇచ్చినా ఇంతకంటే రుచిగా ఉండేది.

జ్వరం ఉందేమోనని నుదురు చూసుకున్నాను. మన చెయ్యి మనకు చల్లగానే ఉంటుంది కదా, ఎలా తెలుస్తుంది? సూ యిన్‌ను పిలిచి చూడమన్నాను. "లేదు" అంది. అరగంటకు మళ్లీ పిలిచాను. "ఇంకా లేదు" అంది.

మార్చి 11

నోర్లిజా మందు పూసింది. చీము పోయింది. మెడ బాగానే ఉంది. నాకు మెడ ఎర్రగానే కనబడుతోంది కానీ ఆమె కాదంటుంది.

మార్చి 12

బీ చూ లి టింగ్‌కు మొహం తెరిచింది. నన్ను రమ్మంటే వెళ్లాను. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. తెల్లపొడి రాసిన మొహం మీద దారం టిక్ టిక్ అని ఆడుతుంటే అందరూ మంచిమాటలు చెబుతున్నారు, పిల్లలు పుట్టాలి, కడదాకా కలిసుండాలి అని. కడదాకా అన్నప్పుడు నేను బయట వాన చూశాను.

పిల్ల లేవగానే బీ చూ దారం దులిపి స్టూలు చూపించింది. "రా, రెండు రోజులు ముందైతే ఏం, నీ మొగుడికి నేను సర్దిచెప్పుకుంటాలే."

కూర్చోవాలనే అనిపించింది. ఎవరైనా దవడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తమంటే చాలు అనిపించింది. స్టూలు దాకా వెళ్లాను.

"వద్దులే బీ చూ. పుండు మానలేదు. పైగా నువ్వు దారం నోట్లో పెట్టుకుంటావు, నాకు షుగరు."

దానికి కోపం వచ్చింది. "నా నోటికేమొచ్చింది? నావి కట్టుడు పళ్లు. రోజూ మందునీళ్లలో నానబెడతాను. నీ మొహం కంటే శుభ్రంగా ఉంటాయి."

"అయితే నీ పళ్లకు పెళ్లి చెయ్యి" అన్నాను. అది ముందు నవ్వింది, తర్వాత మూతి ముడుచుకుంది. ఇంటికొచ్చేదాకా బెంగగానే ఉంది. ఇన్నేళ్ల స్నేహం. రేపు మాట్లాడుతుందో లేదో.

పది.

మార్చి 13

ఎరుపు పోయి పక్కు కట్టింది. నోర్లిజా వేలితో చుట్టూ నొక్కి చూసి సరేనంది. "పక్కు పీకకండి. దాని చుట్టూ గోరంత చోటు వదిలేసి మిగతాది కత్తిరించుకోండి. కుర్చీలో కూర్చోవచ్చు మామ్మా." నేను క్లినిక్‌లో ఏడవలేదు. బస్సులో కొంచెం.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద బ్యాటరీ మిషను కొత్తది ఉంది. పెన్నంత సన్నగా. అంటే నా గడ్డం గురించి హువాట్, సూ యిన్ కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట.

కానీ ఇది కొయ్యడమే. వందో రోజుకు ఇంకా నెల ఉంది. శ్రావణంతో చేసినట్టు దీన్ని కోత కాదని చెప్పుకోలేను. ఆయన పటం ముందు అగరొత్తులు వెలిగించి, రెండు చెక్కబిళ్లలు చేతిలో పట్టుకుని అడిగాను. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే సరే అన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయి. అలా పడితే నవ్వుతున్నట్టు లెక్క.

మళ్లీ వేశాను. మళ్లీ నవ్వు.

"నేను ఇక్కడ చచ్చిపోతుంటే నవ్వేమిటి" అన్నాను. మూడోసారీ నవ్వే.

గుమ్మంలో సూ యిన్ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో. "నవ్వితే మంచిదేగా అత్తయ్యా. కోపం లేదు మామయ్యకు."

"సరే అనలేదుగా."

"బతికున్నప్పుడు మాత్రం దేనికి సరే అన్నారు? నవ్వేసి మీరు చెప్పింది చేసేవారు."

అది ఆయన గురించి ఇంత మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. లోపలికి వెళ్లిపోయింది. అక్కడ ముక్కు చీదడం వినిపించింది. దానికి తండ్రి లేడు. పెళ్లయి వచ్చిన కొత్తలో దాని చేతి గడియారానికి ఆయన రోజూ అడిగి మరీ కీ ఇచ్చేవారు. నాకు ఇవాళ దాకా గుర్తే రాలేదు.

మార్చి 14

షుగరు తొమ్మిది లోపే ఉంది. ఎనిమిది చిల్లర. షుగరు మిషను సూ యిన్‌కు చూపించాను.

ఆయన స్టూలే వేసింది, వెలుగు వైపు. చేతులు సబ్బుతో కడుక్కుంది. బ్యాటరీ మిషను కొసను స్పిరిటుతో తుడిచింది. నా మొహం కడిగి, తుడిచి, ఆరనిచ్చింది. తర్వాత అలాగే నిలబడిపోయింది. దవడ మీద చెయ్యి వెయ్యడానికి మొహమాటం. ఇరవై ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం.

"వెయ్యి, కరవను" అన్నాను.

చెయ్యి చల్లగా ఉంది. వెల్లుల్లి వాసన. వేళ్లు గట్టిగా పట్టుకుంది, కోడిని పట్టుకున్నట్టు. ఆయన పట్టు కాదు. కళ్లు మూసుకుని ఆయనదే అనుకుందామని చూశాను, కుదరలేదు. మిషను గుయ్ మంటుంటే అసలే కుదరలేదు.

"నొప్పా?"

"లేదు."

"మరి కళ్లలో నీళ్లు?"

"నీ వెల్లుల్లి."

పక్కు చుట్టూ మూడు వదిలేసింది. "ఇవి రేపు ఫోటోలో పడతాయి. పడనివ్వండి" అంది. రాలినవి కాగితంలో దులిపి ఏం చెయ్యమంటారు అని అడిగింది. చెత్తలో వెయ్యమన్నాను. వేశాక అయ్యో అనిపించింది. ఆయన పోయాక నాతోపాటు ఈ ఇంట్లో ఉన్నవి అవే.

మార్చి 15

పెళ్లి అయింది. వాన పడలేదు. రాస్తున్నాను చూడండి, వాన పడలేదు.

కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీ మీద ఏమీ పెట్టనివ్వలేదు నేను, పటం కూడా. వెయ్ షెంగ్, లి టింగ్ మోకాళ్ల మీద కూర్చున్నారు. పిల్ల రెండు చేతులతో కప్పు ఎత్తి ముందు ఖాళీ కుర్చీకి ఇచ్చింది. "తాతయ్యా, టీ తాగండి" అంది. ఇచ్చి, వెంటనే దించలేదు. చేతులు చాపి అలాగే ఆగింది. వేడి టీ ఊదుకుని తాగే మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఆ పిల్ల ఆయన్ను రెండుసార్లే చూసింది. ఆయన ఊదుకుని తాగుతారని ఎవరు చెప్పారో. ఎవరూ చెప్పి ఉండరు. అప్పుడు కప్పు దించి పళ్లెంలో పెట్టింది.

తర్వాత నాకు. ఖర్జూరం వేసిన తియ్యటి టీ. సూ యిన్ వెనకనుంచి "ఒక్క గుక్కే" అని గొణిగింది. ఒక్క గుక్కే తాగాను. డబ్బు పెట్టిన ఎర్ర కవరు ఇచ్చి, పిల్ల దవడ కింద చెయ్యి పెట్టి మొహం ఎత్తి చూశాను. నున్నగా, కొత్తగా ఉంది. కళ్లలోకి సూటిగా చూసింది. నా గడ్డం వైపు చూడలేదు, చూసినా నాకు తెలియనివ్వలేదు.

బీ చూ వచ్చింది. మాట్లాడింది. రెండు కోడి ముక్కలు ఎక్కువే తిన్నది, ఆ పళ్లతో.

మార్చి 16

పొద్దున్నే మెలకువ వచ్చింది. ఇంట్లో అందరూ అలిసిపోయి పడుకున్నారు. అలవాటుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పక్కకు తిరిగాను.

గరగరలాడింది.

శ్రావణంతో తీస్తే మొదలంటా వచ్చేస్తుంది, కింద నున్నగా ఉంటుంది. ఈ మిషను పైపైన కోస్తుంది కనుక మొదళ్లు నిలబడ్డాయి. పొట్టిగా, గట్టిగా, వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. చెయ్యి తియ్యబోయి ఆగిపోయాను. ఈ గరుకు నాకు తెలుసు. ఆయన రోజు మార్చి రోజు గడ్డం గీసుకునేవారు. గీసుకోని రోజు పొద్దున పక్కకు తిరిగితే ఆయన చెంప నా నుదుటికి ఇలాగే తగిలేది. ఉప్పుకాగితం అని విసుక్కుని తోసేసేదాన్ని.

పక్కు తగలకుండా జాగ్రత్తగా, ఎడమవైపు అరచెయ్యి ఆనించుకుని పడుకున్నాను. సూ యిన్ వచ్చి వేలు గుచ్చాలి లేవండి అనేదాకా లేవలేదు.